నీళ్ళలో అడిగే ప్రశ్న

మా నాన్న బాప్టిస్టు పాస్టరు. పాతికేళ్ళు మాదాపూర్‌లోనే పనిచేశాడు. ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చాడో నాకు తెలియదు, అది సంఘం రిజిస్టరులో ఉంటుంది. అందులో నా పేరు మాత్రం లేదు. ఈ మాట చెప్పగానే చాలామంది నేను నాన్నతో గొడవపడి ఇంట్లోంచి వెళ్ళిపోయానేమో అనుకుంటారు. అలాంటిదేమీ జరగలేదు. ఆయన పోయేదాకా నేను ఆయనతోనే ఉన్నాను.

తెలియనివాళ్ళ కోసం ఒక సంగతి చెప్పాలి. మా సంఘాల్లో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. బిడ్డను గుడికి తెస్తే పాస్టరు ఎత్తుకుని ప్రార్థన చేస్తాడు, అంతే. బాప్తిస్మం ఎవరికి వాళ్ళు, ఎదిగాక, అడిగి తీసుకోవాలి. తనకు విశ్వాసం ఎలా కలిగిందో సంఘం ముందు నిలబడి సొంత నోటితో చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటారు. ఆ తర్వాత నడుములోతు నీళ్ళలో దిగి పాస్టరు పక్కన నిలబడితే ఆయన ఒక్క ప్రశ్న అడుగుతాడు, నమ్ముతున్నావా అని. నమ్ముతున్నానంటే వెనక్కి వాల్చి నిండా ముంచి లేపుతాడు. పాస్టరు కూతురైనా పనివాడి కూతురైనా పద్ధతి ఒకటే.

ఒంగోలు వైపు నుంచి మాదాపూర్‌కు వచ్చినప్పుడు నాకు ఆరేళ్ళు. అప్పుడు ఒకపక్క ఆఫీసు భవనాలు లేస్తుంటే ఇంకోపక్క బండలు పేలుస్తుండేవారు. పేల్చే ముందు ఈల వేసేవారు. ఈల వినబడగానే అమ్మ పొయ్యి మీది గిన్నెకు మూత పెట్టేది, దుమ్ము పడకుండా. మా గుడి ఒక రేకుల షెడ్డు. దాని వెనక సంఘం మాకిచ్చిన రెండు గదులు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పాలమూరు నుంచి వలస వచ్చిన తాపీ పనివాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, కొందరు వాచ్‌మన్లు. ఆదివారం కూడా వాళ్ళకు పని ఉండేది గనక నాన్న ఆరాధనను పొద్దున ఆరున్నరకే పెట్టాడు.

నాన్న గొప్ప ప్రసంగీకుడు కాదు. గొంతు సన్నం. పాట ఎత్తుకుంటే శ్రుతి ఒకచోట, ఆయన ఒకచోట. ప్రసంగాన్ని పాత క్యాలెండరు కాగితాల వెనక రాసుకుని ఇరవై నిమిషాల్లో ముగించేవాడు. ఆయన అసలు పనంతా గుడి బయటే. కాలు విరిగినవాణ్ణి దవాఖానకు తీసుకెళ్ళడం, రేషన్ కార్డుకు దరఖాస్తు నింపిపెట్టడం, తాగొచ్చి భార్యను కొట్టినవాడి ఎదురుగా వెళ్ళి ఏమీ మాట్లాడకుండా కూర్చోవడం. అలా కూర్చోవడం ఆయనకు బాగా వచ్చు. చిన్నప్పుడు నాకది చేతకానితనంలా కనిపించేది.

మొదట్లో బాప్తిస్మాలు దగ్గర్లో ఉన్న చెరువులో ఇచ్చేవాడు. కొన్నేళ్ళకు ఆ నీళ్ళు నురగ కట్టడం మొదలైంది. ముంచి లేపినవాళ్ళకు ఒంటి మీద దద్దుర్లు వచ్చాయి. సంఘం నిండా మేస్త్రీలే కాబట్టి షెడ్డు పక్కన వాళ్ళే ఒక తొట్టి కట్టారు, ఒకవైపు దిగి ఇంకోవైపు ఎక్కేలా రెండు పక్కలా మెట్లతో. దాన్ని నింపడానికి ట్యాంకరు తెప్పించాల్సి వచ్చేది. మొదటిసారి వచ్చిన డ్రైవరు పైపు వదులుతూ అడిగాడు.

"ఏంది సార్, ఈత కొట్టనీకా?"

"కాదు నాయనా, బాప్తిస్మానికి." నాన్న అదేమిటో ఓపికగా చెప్పాడు.

డ్రైవరు అంతా విని, "ఒక్కొక్కరికి గిన్ని నీళ్ళా?" అన్నాడు.

"ఈసారి నలుగురున్నారు" అన్నాడు నాన్న, తప్పు చేసినవాడిలా.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు వేసవి సెలవుల్లో పిల్లలకు మూడు రోజులు ప్రార్థన కూటాలు పెట్టారు. చివరిరోజు నా ఈడువాళ్ళందరూ బాప్తిస్మానికి పేర్లిచ్చారు. నాకన్నా చిన్నది, పక్క సందులో అమ్మాయి కూడా ఇచ్చింది. నేను ఇవ్వలేదు. ప్రార్థనలో వాళ్ళందరికీ ఏడుపొచ్చింది, నాకు రాలేదు. అంతకు మించిన కారణమేమీ లేదు. ఆ సాయంత్రం నాన్న తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే దగ్గరికి వెళ్ళాను.

"నాన్నా, నాకేమీ అనిపించలేదు."

"అనిపించనప్పుడు అనిపించిందని చెప్పకూడదు."

"చెబితే ఏమవుతుంది?"

ఆయన కాలరు తిరగేసి దాని మీద ఇస్త్రీపెట్టె ఆనించాడు. "తడుస్తావు. అంతే."

అమ్మ మాత్రం వారం రోజులు నాతో ముభావంగా ఉంది. పాస్టరు ఇంట్లో పిల్ల ఇలా చేస్తే జనం ముందు ఎలా తలెత్తుకోవాలని ఆమె బాధ. నాన్న మళ్ళీ ఎప్పుడైనా అడుగుతాడేమోనని చూశాను. ఆ సంవత్సరం అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. ఇంటి ప్రార్థనలో నా పేరు రోజూ వచ్చేది. నా పరీక్షల గురించి, నా జలుబు గురించి దేవుడికి చెప్పేవాడు. ఈ విషయం గురించి చెప్పగా నేను వినలేదు.

చదువు అయిపోయి నాకు ఉద్యోగం వచ్చేసరికి గుడి నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలోనే ఆఫీసులు పదుల కొద్దీ వెలిశాయి. మా సంఘమూ మారింది. గుంటూరు, ఒంగోలు, నెల్లూరు నుంచి వచ్చిన ఉద్యోగస్తుల కుటుంబాలు చేరాయి. చాపల స్థానంలో కుర్చీలు వచ్చాయి. పాలమూరు ఆడవాళ్ళు మాత్రం కుర్చీలో కూర్చుంటే కాళ్ళు తిమ్మిరెక్కుతాయని వెనకాల చాపల మీదే ఉండిపోయారు. తాపీపని తగ్గి వాళ్ళలో చాలామంది ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్‌లో చేరారు. కొత్తగా వచ్చినవాళ్ళలోంచి ఒకాయన సంఘ పెద్ద అయ్యాడు. ప్రభుత్వంలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. మంచివాడు. షెడ్డుకు సీలింగు వేయించింది, మరుగుదొడ్లు కట్టించింది ఆయనే. ఆదివారం అందరికన్నా ముందు వచ్చి ఫ్యాన్లు వేసేవాడు. అయితే ఆయనకు ప్రతిదీ కాగితం మీద ఉండాలి. బాప్తిస్మం కోరేవాళ్ళ కోసం ఇరవై ప్రశ్నలు, జవాబులు అచ్చు వేయించాడు. అవి కంఠతా చెప్పినవాళ్ళకే తొట్టిలో దిగే అర్హత. నాన్న ఆ కాగితం చూసి బాగుందన్నాడు. అలా అనడం తన తప్పేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె పళ్ళెం, చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం వరసల వెంట తిరుగుతాయి. బాప్తిస్మం అయినవాళ్ళే తీసుకోవాలి. మేము కూర్చునేది మొదటి వరస. పళ్ళెం అమ్మ చేతిలోంచి నన్ను దాటి అవతలి మనిషికి అందడం సంఘమంతా నెలనెలా చూసేది. వెనక కూర్చుంటానని ఒకసారి నాన్నతో అన్నాను. "ఎక్కడైనా కూర్చో. దాక్కోవడానికైతే మాత్రం వద్దు" అన్నాడు. ముందే కూర్చున్నాను. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు.

మా ఆఫీసులో మా అంతస్తు ఊడ్చి తుడిచే ఆవిడది నారాయణపేట వైపు ఊరు. మా గుడికే వచ్చేది. నన్ను పాస్టరయ్య బిడ్డ అనేది. ఒకరోజు నేను కాఫీ కలుపుకుంటుంటే తుడుపు కర్ర గోడకు ఆనించి దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, నేను నీళ్ళల్ల దిగాల్నని అయ్యగారికి జర చెప్తవా?"

"మీరే చెప్పొచ్చు కదా."

"చెప్పిన. పెద్దసారు కాగితమిచ్చిండు. నాకు సదువు రాదాయె. నా బిడ్డ సదివి చెప్తే రెండు యాదికుంటయి. మూడోది చెప్పంగనే మొదటిది పోతది."

ఆమె పెద్దల ముందు రెండుసార్లు కూర్చుంది. రెండుసార్లూ మూడు ప్రశ్నల దగ్గరే ఆగిపోయింది. పెద్దాయన దయగానే, "వచ్చే సంవత్సరం చూద్దామమ్మా" అన్నాడట. మర్నాడు ఆమె మా ఇంటికి వచ్చి వరండాలో నేల మీద కూర్చుంది. నాన్న తన కుర్చీ పక్కకు జరిపి, తానూ మెట్టు మీద కూర్చున్నాడు. నేను గుమ్మం లోపల ఉన్నాను. మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి.

"ఆ ప్రశ్నలు పక్కన పెట్టమ్మా. నీకెందుకు కావాలో చెప్పు."

ఆమె కొంగు భుజం మీదికి లాక్కుని చెప్పింది.

"మా చిన్నది దవాఖానల పానం ఇడిచిననాడు మీరొచ్చిండ్రు గద అయ్యగారూ. పొద్దుగాల వచ్చి పొద్దుగూకిందాంక కూసున్నరు. ఒక్క మాట మాట్లాడలే. దేవుని ముచ్చట గూడ చెప్పలే. అందరొచ్చి ధైర్యం చెప్పి పోయిండ్రు. మీరు పోలే. మా ఆయన మిమ్ముల మస్తు తిట్టిండు, ఎందుకొచ్చినవని. అయినా పోలే. ఈయనను తోలిందెవరో నాకు ఎరుక కావాలె అనుకున్న ఆనాడు. ఆరేండ్లాయె. ఇగ ఎరుకైంది. గంతే."

నాన్న కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ఆదివారం రా అమ్మా" అన్నాడు.

ఆ ఆదివారం తొట్టి పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడింది నేనే. ఆమె కొంగు నడుముకు బిగించి దిగింది. నాన్న అడగడం పూర్తి కాకముందే "నమ్ముతున్న" అని గట్టిగా అరిచింది. పిల్లలు నవ్వారు. ఆమె పైకి లేచి ముఖం మీది నీళ్ళు తుడుచుకుంటుంటే నాకు ఆమె మీద అసూయ కలిగింది. నాకు బాగా గుర్తుంది, అది అసూయే.

ఆరాధన అయ్యాక పెద్దలు షెడ్డులోనే సమావేశమయ్యారు. షెడ్డుకూ మా గదికీ మధ్య ఉన్నది రేకు గోడ.

"నియమం పెట్టుకుంది మనమే కదండీ. మీరే దాటితే ఎలాగండి?" అన్నాడు సంఘ పెద్ద.

"ఆ నియమంలో ఆవిడ పట్టలేదండి. తప్పు నియమానిది."

"ఇవాళ ఈవిడ, రేపు ఇంకొకరు. మీరు మొదటినుంచీ మెత్తనేనండి. మీ ఇంట్లోనే చూడండి..." అని ఆగిపోయాడు.

"చెప్పండి. ఫర్వాలేదు."

"మీ అమ్మాయి గురించి మా పిల్లలు అడుగుతున్నారండి. పాస్టరుగారి కూతురికే అక్కర్లేనిది మాకెందుకని. నన్నేం చెప్పమంటారు?"

"ఆ అమ్మాయి ఇంకా అడగలేదు, అందుకని నేను ఇవ్వలేదు అని చెప్పండి. అది నిజమే కదా."

ఎవరూ అరవలేదు. అయితే చివరకు తీర్మానం రాసుకున్నారు. పాస్టరు మూడు నెలల్లో తన కుటుంబాన్ని క్రమంలో పెట్టుకోవాలి, లేదా బాధ్యత ఇంకొకరికి అప్పగించాలి. ఆ కాగితం నాన్న మడిచి జేబులో పెట్టుకుని ఇంట్లోకి వచ్చి అన్నం తిన్నాడు. పెరుగు వేసుకునేటప్పుడు సంగతి అమ్మకు చెప్పాడు. నేను విన్నానని ఇద్దరికీ తెలుసు.

నేను దాని గురించి ఆఫీసులో ఆలోచించాను. ఆలోచించడమంటే లెక్కగానే ఆలోచించాను. నాలుగు వాక్యాల సాక్ష్యం, ఒక ప్రశ్న, ఒక జవాబు, ఒక్క క్షణం నీళ్ళలో. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. అమ్మకు ఇల్లు నిలుస్తుంది. ఆయనకు ఆయన పని నిలుస్తుంది. నేను నమ్మనని కూడా ఎప్పుడూ అనలేదు కదా. ఇంటికొచ్చేసరికి నాన్న ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్ళు పోస్తున్నాడు.

"వచ్చే ఆదివారం నేను తీసుకుంటాను నాన్నా."

ఆయన తల ఎత్తలేదు. "ఎందుకు?"

"నువ్వు ఇక్కడే ఉండాలని."

"అది మంచి కారణమే. బాప్తిస్మానికి కాదు."

"సాక్ష్యం చెబుతాను. అందరూ చెప్పేదే చెబుతాను. ఎవరికి తెలుస్తుంది?"

ఆయన సీసా మూత బిగించి కింద పెట్టాడు. "నీళ్ళలో నిలబడి నిన్ను అడగాల్సింది నేనమ్మా. నువ్వు అబద్ధం చెబుతావు. అది అబద్ధమని నాకు తెలిసీ నిన్ను ముంచాలి. ఇంతమందిని ముంచిన చేతులతో అది నావల్ల కాదు. నీకు నిజంగా కావాలనిపించిన రోజు అడుగు. నేను లేకపోతే ఇంకొకరు ఇస్తారు."

"నా కోసం నువ్వు ఇదంతా వదులుకోవద్దు."

"నీ కోసం కాదులే" అన్నాడు. ఆ మాట నన్ను అప్పుడు బాగా నొప్పించింది.

వంటింట్లోంచి అమ్మ బయటికి వచ్చింది. "మీ ఇద్దరి నిజాయితీకి సామాన్లు సర్దేది మాత్రం నేను" అంది. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

మూడు నెలలు ఆగకుండా నాన్న నెలలోపే రాజీనామా ఇచ్చాడు. నిజాంపేటలో హాస్టళ్ళ మధ్య ఒక అపార్ట్‌మెంటులో మూడో అంతస్తుకు మారాం. పాలమూరు కుటుంబాలు కొన్ని వచ్చి, "మీరు ఏడ పెడితే ఆడికొస్తం అయ్యగారూ" అన్నాయి. నాన్న వాళ్ళను కూర్చోబెట్టి అమ్మ చేత టీ ఇప్పించి వెనక్కి పంపేశాడు. సంఘాన్ని చీల్చే పని తాను చేయనన్నాడు. అంత వయసు వచ్చిన పాస్టరును ఇంకెవరూ పిలవలేదు. ఆదివారం మేము దగ్గర్లోని వేరే గుడికి వెళ్ళేవాళ్ళం. నాన్న చివరి వరసలో కూర్చునేవాడు. వినడం ఆయనకు అలవాటు లేదు. అవతల ప్రసంగం నడుస్తుంటే ఈయన పెదవులు కదులుతుండేవి, తానైతే ఏం చెప్పేవాడో అది చెప్పుకుంటున్నట్టు.

ఆ మొదటి ఏడాది నాకు ఆయన మీద కోపంగా ఉండేది. తన మనస్సాక్షి కోసం అమ్మ ఇంటిని తీసేశాడని అనిపించేది. ఆ మాట ఆయనతో అనలేదు. ఇప్పటికీ అది పూర్తిగా తప్పని అనుకోను.

తర్వాత ఆ నారాయణపేట ఆవిడే ఒక దారి తెచ్చింది. పొద్దుటి షిఫ్టు అయ్యాక మూడింటికి ఆడవాళ్ళం మా రూములో కూర్చుంటాం, బుధవారం బుధవారం వచ్చి ప్రార్థన చేసిపోండని అడిగింది. నాన్న వెంటనే ఒప్పుకోలేదు. ముందు మాదాపూర్ వెళ్ళి, తన స్థానంలో వచ్చిన కొత్త పాస్టరును కలిశాడు. "వాళ్ళు మీ సంఘంవాళ్ళే. ఆదివారం మీ దగ్గరికే వస్తారు. మీకు అభ్యంతరం లేకపోతే బుధవారం వెళ్ళి కూర్చుంటాను" అన్నాడు. కొత్తాయన కుర్రవాడు. సిగ్గుపడి, "మీరు నన్నడగడమేంటి అయ్యగారూ" అన్నాడట. అప్పటినుంచి నాన్న బస్సు ఎక్కి, జేఎన్టీయూ దగ్గర మెట్రో అందుకుని, ప్రతి బుధవారం వెళ్ళేవాడు. ఆరేడుగురు ఆడవాళ్ళు, ఇరుకు గది, ఒక టేబుల్ ఫ్యాను. ప్రసంగం చేసేవాడు కాదు. వాళ్ళు ఆ వారం సంగతులు చెప్పుకునేవారు, సూపర్‌వైజరు గురించి, మోకాళ్ళ గురించి, పిల్లల ఫీజుల గురించి. చివర్లో ఆయన వాటన్నిటినీ వరసపెట్టి ప్రార్థనలో చెప్పేవాడు. ఒక్కటి కూడా మర్చిపోయేవాడు కాదని ఆవిడ నాతో ఆఫీసులో చెప్పేది.

నాలుగేళ్ళు అలా గడిచాయి. తర్వాత గుండె జబ్బు బయటపడింది. రెండోసారి ఆస్పత్రిలో చేర్చినప్పుడు ఒక మధ్యాహ్నం మాదాపూర్ సంఘ పెద్ద వచ్చాడు. నేను లేచి కుర్చీ ఇచ్చాను. ఆయన దానిమ్మకాయల సంచి బల్ల మీద పెట్టి, దారిలో కట్టిన కొత్త ఫ్లైఓవరు గురించి చాలాసేపు మాట్లాడాడు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"పాస్టరుగారూ, ఆ రోజు మేము..."

"మీ షుగరు ఎలా ఉందండీ?" అన్నాడు నాన్న.

ఆయన ఒక్క క్షణం నాన్న వంక చూసి, "కంట్రోల్లోనే ఉందండి" అన్నాడు. ఇద్దరూ మందుల గురించి మాట్లాడుకున్నారు. వెళ్ళేటప్పుడు ఆయన నాన్న చెయ్యి పట్టుకుని వదల్లేదు. నాన్నే మెల్లగా రెండో చెయ్యి దాని మీద వేశాడు. నేను చూసిన సమాధానపడటం అంతే. మాటల్లో ఏమీ లేదు.

ఆ వారంలోనే ఒక ఉదయం ఎనిమిదిన్నరకు నాన్న పోయాడు. భూస్థాపన మర్నాడు పదకొండింటికి. ఎండ ఎక్కువగా ఉంది. కొత్త పాస్టరు వాక్యం చదివాడు. సంఘ పెద్ద పెట్టె మోసినవాళ్ళలో ఉన్నాడు. ఉద్యోగస్తుల కుటుంబాలు కార్లలో వచ్చాయి. యూనిఫారాల్లోనే వచ్చిన సెక్యూరిటీ గార్డులు, నీలం కోట్లు వేసుకున్న హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళు గోడ వెంట నిలబడ్డారు. షిఫ్టు మధ్యలో ఒక గంట పర్మిషన్ అడిగి వచ్చామని వాళ్ళు చెప్పారు. దవాఖానలో నాన్న ఎవరి పక్కన కూర్చున్నాడో, ఎవరి కాగితాలు నింపిపెట్టాడో వాళ్ళే. అంతమందిలో నాకు తెలిసినవాళ్ళు సగం కూడా లేరు. ఒక గార్డు నా దగ్గరికి వచ్చి, "సార్ నాకు బీపీ గోళీలు యాది చేసెటోడమ్మా" అన్నాడు. ఇంకేదో చెప్పబోయి, టైము చూసుకుని వెళ్ళిపోయాడు.

నేను ఏడవలేదు. అమ్మ కూడా అక్కడ ఏడవలేదు. ఇంటికి వచ్చాక స్నానం చేసి, అన్నం వండి, నాకు పెట్టి, తాను తినలేక పళ్ళెం పక్కకు జరిపింది.

తర్వాతి బుధవారం నేను సెలవులోనే ఉన్నాను. రెండు గంటలకు అమ్మ చీర మార్చుకుని, చేతిసంచి తీసుకుని చెప్పులు వేసుకుంటోంది. ఆ గదికి ఆమె అంతకు ముందు ఒక్కసారి కూడా వెళ్ళలేదు. మాదాపూర్ పేరెత్తితేనే ముఖం తిప్పుకునేది.

"ఎక్కడికమ్మా?" అన్నాను.

"వాళ్ళు పని చేసొచ్చి మూడింటికి ఎదురుచూస్తుంటారు. ఎవరూ రాకపోతే ఏం బాగుంటుంది?"

"నువ్వెళ్ళి ఏం చేస్తావు?"

"నాకు మాత్రం ఏం తెలుసు? కూర్చుంటాను" అంది. మెట్రో ఎక్కడ దిగాలో, ఏ వైపు మెట్లు దిగాలో నన్ను అడిగి ఒక కాగితం ముక్క మీద రాయించుకుంది. నేనూ వస్తానంటే వద్దంది. బాల్కనీలోంచి చూస్తే, గొడుగు వేసుకుని బస్టాపు వైపు నడుస్తూ కనిపించింది. ఆరింటికి తిరిగొచ్చి, ఆ గదిలో ఫ్యాను గాలి ఒకవైపే వస్తోందని, వచ్చేవారం రిపేరు చేయించాలని చెప్పింది.